హారన్‌ను దాటేసిన కారు

"ఈ కొత్త కారుదేముంది డాక్టరమ్మా, తొక్కితే పోతుంది, అందులో డ్రైవరు గొప్పేమీ లేదు. కానీ రోజూ మిమ్మల్ని కొండమీది ఆస్పత్రికి చేర్చాలంటే చేయి తిరిగినవాడు కావాలి. ఉద్యోగం నాకిస్తారో లేదో, ముందు ఈ ఒక్క ముక్క వినండి. నా మొదటి టర్బో కారుతో ఇదే ఎత్తు రోడ్డులో బస్సును దాటాను."

"బస్సు ఆగి ఉందా అన్నయ్యా?" టీ వడపోస్తూ అడిగింది కొట్టు నడిపే చెల్లెలు.

"నువ్వు టీ సంగతి చూడవే. అప్పటి టర్బోలు ఇలాంటివి కావమ్మా. ఇప్పుడు బుల్లి ఇంజనైనా కాలు ఆనించగానే లాగుతుంది. అప్పుడో? ఇంజను వదిలే వేడి పొగ లోపల చక్రాన్ని తిప్పాలి, అది మళ్లీ ఇంజన్లోకి గాలి కుక్కాలి, అప్పుడుగానీ ఊపు వచ్చేది కాదు. ఎంతసేపు పట్టేదో తెలుసా? నేను కొండ కింద ఓ తొక్కు తొక్కి, దిగొచ్చి, ఇదే బల్లమీద టీ తాగి వెళ్లి కూర్చుంటే, అప్పుడు కదిలేది."

"ఊఁ," అంది డాక్టరమ్మ.

"ఒక చలికాలం సోమవారం తొక్కితే మంగళవారం మధ్యాహ్నం వచ్చింది ఊపు. మామూలుగా వచ్చిందా? బస్సు పోయింది, లారీ పోయింది, మలుపులో హారన్ కొడితే ఆ చప్పుడు నన్ను అందుకోలేక వెనకాల పడి వస్తోంది. కొండకి మూడో చుట్టులో ఎవడో అడ్డం. నంబరు చూస్తే నా కారే. లోపల చూస్తే నా వీపే, చొక్కా చిరుగుతో సహా. ఏం చేస్తాం, నన్ను నేనే దాటేశాను. ఆస్పత్రి గేటు దగ్గర టక్కున తాళం తిప్పి ఆపేసి దిగితే, అప్పుడొచ్చి చెవిలో మోగింది హారను."

"మరి నీ నీడో?" అంది చెల్లెలు.

"అది సాయంత్రం బస్సులో వచ్చింది."

డాక్టరమ్మ గ్లాసు కింద పెట్టింది. "ఒక్క నిమిషం. అంత వేడిమీద టక్కున ఆపేశారా?"

"టక్కునే."

"మా నాన్నకి అలాంటి కారే ఉండేది. ఆగాక రెండు నిమిషాలు ఇంజను తిరగనివ్వకపోతే లోపల ఆయిల్ మాడి టర్బో పోతుందని మమ్మల్ని దిగనిచ్చేవారు కాదు. మీరు చెప్పినట్టు ఆపితే ఆ కారు తిరిగి కొండ దిగేది కాదు."

ఆయన ఖాళీ గ్లాసు ఎత్తి ఇంకో గుక్క తాగాడు.

"ఇందాక మీ డ్రైవింగు చూద్దామని నా కారిస్తే, నన్ను పైకి తీసుకెళ్లి ఏం చేశారు? గేటు దగ్గర ఇంజను ఆపకుండా, చేతులు ఒళ్లో పెట్టుకుని రెండు నిమిషాలు కూర్చున్నారు. తొందరగా ఉందన్నా వినలేదు."

"రోజువారీ తిరుగుడులో కొత్త కార్లకి అంత అక్కర్లేదమ్మా," అన్నాడు గొంతు తగ్గించి. "నీళ్లతో చల్లబడే ఏర్పాటు చేశారు. ముప్పై ఏళ్ల అలవాటు. చేయి తాళం మీదికి పోదు."

డాక్టరమ్మ తాళాలు ఆయన గ్లాసు పక్కన పెట్టింది. "రేపు ఏడింటికి రండి. ఉద్యోగం ఇస్తున్నది ఆ రెండు నిమిషాలు చూసే. మీ కథలోని ఆయన వస్తే మాత్రం దారిలోనే దింపేస్తాను."

"ఆయన రాడు లెండమ్మా," అంది చెల్లెలు, అన్నయ్య గ్లాసులో మళ్లీ టీ పోస్తూ. "మూడో చుట్టులోనే వెనకపడిపోయాడు."