మీరావలి కొన్న ఉరుకుల కారు

మీరావలని మన పొదిలి డిపోలో బస్సు డ్రైవరొకాయన ఉండేవాడు. దూదేకులోళ్ళ బిడ్డ. వాళ్ళ తాత దూది ఏకినోడే, ఆ తేలికంతా ఈయన కాలికొచ్చింది అనుకో. ముప్పయ్యొక్క ఏళ్ళు బస్సు తోలాడంట, ఏనాడూ యాక్సిలరేటరు మీద కాలు గట్టిగా నొక్కిన పాపాన పోలా. దిగుడొస్తే కాలు తీసేసేవాడు, ఎగుడొస్తే ముందునించే బండిని సర్దుకుంటా పొయ్యేవాడు. డిపోలో ఏముండిద్దంటే, ఏ డ్రైవరు లీటరు డీజిలుకి ఎన్ని కిలోమీటర్లు తెచ్చాడో నెలనెలా బోర్డు మీద రాస్తారు. ఆ బోర్డులో పైపేరెప్పుడూ మీరావలిదేనంట. శాలువాలు కప్పారు, దండలేశారు. దండలేస్తే ఏంది గానీ, రోడ్డు మీద ఆయన్ని దాటని బండి లేదు. లారీ దాటేది, జీపు దాటేది, పెళ్ళికి పొయ్యే ట్రాక్టరు గూడా ఈలలేసుకుంటా దాటేది. ముప్పయ్యొక్క ఏళ్ళూ ఎదటి బళ్ళ వీపులు చూసుకుంటానే తోలాడు ఆ మనిషి.

ఇంక రిటైరయ్యాడు. ఏమైందంటే, సరిగ్గా ఆ ఏడే ఆయన భార్య సైదమ్మ కాలం చేసింది. పిల్లల్లేరు. బస్సెక్కితే వెనకాల యాభై మంది అరుపులు, కోళ్ళగంపలు, చంటిబిడ్డల ఏడుపులు, వాటన్నిటి మీదా కండక్టరు కోటిలింగం గొంతు. పద్నాలుగేళ్ళు ఒకే బస్సు మీద చేశారు వాళ్ళిద్దరూ. మీరావలి ఆ కోటిలింగం మొహం చూసింది తక్కువ, వెనకనించి ఆ గొంతు విన్నదే ఎక్కువ. ఇప్పుడేమో పొద్దున లేస్తే ఇంట్లో గోడగడియారం తప్ప ఇంకో చప్పుడు లేదు. టీ పెట్టుకుంటాడు, తాగుతాడు, గళాసు కడుక్కుంటాడు. కడిగిన గళాసే ఇంకోసారి కడుక్కుంటాడంట. ఏం నవ్వుతావమ్మా, నవ్వేది గాదు అది.

అట్టా ఉండగా ఒకనాడు ఆయనకేం బుద్ధి పుట్టిందో, రిటైరైనప్పుడొచ్చిన డబ్బు పట్టుకోని ఒంగోలు పోయి కార్ల షాపులో దిగాడు. ఆడ ప్రవీణ అని ఒక పిల్ల ఉందంట, బళ్ళు చూపించే పిల్ల. ఈయన వాలకం చూసి, అంకుల్, మీకిది సరిపోయిద్ది అని ఒక తెల్ల కారు కాడికి తీసకపోయింది. లీటరుకి ఇరవైరెండు ఇచ్చిద్ది, లోపల జాగా ఉంది, మన గతుకుల రోడ్లకి కిందెక్కడా తగలదు, ఇంక మీరు చూసుకోబళ్ళేదు అంది. ఈయన అది చూళ్ళా. పక్కన ఎర్రది ఒకటుంది, నేలకి కరుచుకోని, దూకబొయ్యేదాని మాదిరి. అదేందమ్మా అన్నాడు. అది కుర్రోళ్ళు కొనేది అంకుల్, ఉరికే బండి, నొక్కితే ఎనిమిది సెకన్లలో వంద అందుకుంటది అంది. మరి ఎంతిచ్చిద్ది అన్నాడు. ఆ పిల్ల మంచిదే, అబద్ధం చెప్పలా. కాయితం మీద పద్దెనిమిదని రాసి ఉండిద్ది అంకుల్, నిదానంగా తోలితే వచ్చిద్ది కూడా, కానీ నిదానంగా తోలేటోళ్ళు దీన్నెందుకు కొంటారు, నొక్కితే మాత్రం ఎనిమిదో తొమ్మిదో, ఆ పైన వెనక సీటిరుకు, స్పీడు బ్రేకరొస్తే కింద గీసుకుంటది, ఒకటి కావాలంటే ఇంకోటి వదులుకోవాల్సిందే, రెండూ ఒక్క బండిలో రావు అని వివరంగా చెప్పింది. ఈయన అంతా విన్నాడు. విని, ఆ ఎర్రదాని తలుపు తీసి లోపల కూర్చోని, చేతులు స్టీరింగు మీద పెట్టి, ఒక్కసారన్నా నన్ను దాటిపొయ్యేవాడు లేకుండా తోలాలమ్మా, ఇదే ఇయ్యి అన్నాడంట.

కారొచ్చింది. ఊరూరంతా చూడ్డానికొచ్చింది, నేనూ పోయా. తోలాడు. ఏమైందనుకున్నారు? కాలు దిగలా! మనసు నొక్కమంటది, కాలు దూది మీద పెట్టినట్టే పెడతది. నలభై, నలభై అయిదు, యాభై. లారీలు దాటినయ్, ఆటోలు దాటినయ్. పొగాకు బేళ్ళేసుకున్న ట్రాలీ ఆటో దాటిందంట! ఆ ఉరుకుల కారుతో లీటరుకి ఇరవై తెస్తన్నాడీయన. సర్వీసింగుకి పోతే అక్కడోళ్ళు నమ్మలా, మీటరు చెడిపోయిందేమోనని చూశారు. టీ బంకు కాడ మనోళ్ళేమో, పందెం పుంజుని కొని గంపకింద మూసిపెట్టావేంది సాయిబూ అని ఆటపట్టించేవాళ్ళు. ఆయన నవ్వేవాడు. మొదట్లో ఒకరిద్దరు సరదాకి ఎక్కారు. వెనక మోకాళ్ళు మడుచుకోని కూర్చోవాలి, పొయ్యేదేమో నిదానం, మన ఊరినించి పది కిలోమీటర్లున్న పొదిలికి పావుగంట పైనే. రెండోసారి ఎవరూ ఎక్కలా. బస్టాండు కాడ ఆపి, ఎక్కండి, ఊరికే తీసకపోతా అనేవాడు. ఒద్దులే మీరావలన్నా, ఆటో వస్తంది గదా అనేవాళ్ళు జనం.

కోటిలింగం మాత్రం ఫోను చేసేవాడు. ఆయనా రిటైరై ఒంగోల్లో చిన్న ఇల్లు అద్దెకి తీసుకోనున్నాడు, ఆయనా, భార్య రత్నమ్మా. ఏం సాయిబూ, కారు కొన్నావంట, ఒకసారి తీసుకురారాదా, నేను ముందు సీట్లో కూర్చుంటా, జీవితమంతా నిలబడే వచ్చాను గదా నీతో అనేవాడు. వస్తాలేరా కోటిగా, వచ్చే నెల వస్తా అనేవాడు ఈయన. పోను అరవై, రాను అరవై, నూటిరవై కిలోమీటర్లు. ఉత్త పుణ్యానికి అంత పెట్రోలు కాల్చటమా అని ఆయనకి. పోవాలని లేక కాదు, ఉంది, కానీ ముప్పయ్యొక్క ఏళ్ళ అలవాటు ఉంది చూడు, అది చెయ్యి పట్టుకోని ఆపేది. వచ్చే నెల, ఆ పై నెల. అట్టా ఎనిమిది నెలలు గడిచిపోయినయ్.

ఒకరోజు మజ్జానం మూడింటికి ఫోనొచ్చింది. కోటిలింగమేననుకోని ఎత్తాడు. రత్నమ్మ. అన్నా, ఆయనకి బాగాలా, గుండెల్లో నొప్పని ఆస్పత్రిలో చేర్చాం, నిన్నే కలవరిస్తన్నాడు, సాయిబొచ్చాడా, సాయిబొచ్చాడా అని, తొందరగా రా అన్నా అంది. ఈయన చొక్కా బొత్తాలు పెట్టుకోకుండానే కారెక్కాడు. పొదిల్లో పెట్రోలు బంకు కాడికొచ్చేసరికి ఏం చూశాడంటే, ముల్లు అడుగు గీత మీదుంది. పోయించుకుందామా అనుకున్నాడు. బంకులో ట్రాక్టర్లు వరసగా ఉన్నయ్, పది నిముషాలు పడతది. కారులో ఒక అంకె చూపించుద్ది గదా, ఇంకెన్ని కిలోమీటర్లొచ్చిద్దని, అది ఎనభై అని చూపిస్తంది. ఒంగోలు ఇంక యాభయ్యే. చాల్లే, దండిగా వచ్చిద్ది అనుకోని ఆగలా. ఊరు దాటాడు. దాటి, ఇంక కళ్ళు మూసుకున్నంత పని చేసి నొక్కాడయ్యా!

అది లేచింది చూడు. కడుపులో పేగులు వెనక్కి పోయినయ్యంట. ఎనభై, నూరు, నూట ముప్పై. లారీల్ని దాటాడు, బస్సుల్ని దాటాడు, ఆయన చేసిన డిపో బస్సే ఒకటి వస్తే దాన్నీ దాటాడు. ముందు ఒక్క బండి లేదు, రోడ్డంతా ఖాళీ. అన్నేళ్ళు కోరుకున్న రోడ్డు అదేనంట, కానీ చూడబుద్ధి కాలా ఆయనకి, ఆగరా కోటిగా, వస్తన్నా, వస్తన్నా అనుకుంటా తోల్తన్నాడు. ఆ ఎనభై అంకె ఏమయ్యిందో మళ్ళీ చూళ్ళా. ఆ అంకె ఆయన ఎప్పుడూ తోలే తీరుని బట్టి చెప్పింది, నొక్కితే అది యాడుండిద్ది? ముప్పై కిలోమీటర్లు పోయేసరికి బండి ఒకసారి దగ్గింది, ఇంకోసారి దగ్గింది, రోడ్డు పక్కన ఆగిపోయింది. చీమకుర్తి ఇంకా రాలా. అటు బీడు, ఇటు బీడు. దిగి చెయ్యెత్తాడు. రాళ్ళేసుకున్న లారీలు ఆపలా. ఇందాక దాటొచ్చిన బస్సే అరగంట దాటాక వచ్చింది. కారుకి తాళమన్నా వెయ్యకుండా దాన్నెక్కాడు. అది ప్రతి స్టేజీలో ఆగింది. ఆపకుండా పొమ్మని మీరావలి అడగలా, ఆయనకి తెలుసు గదా, ఆపకపోతే ఎక్కేవాళ్ళ గతేంది.

ఆస్పత్రికి చేరేసరికి అయిదయ్యింది. రత్నమ్మ బయట బెంచీ మీద కూర్చోనుంది. ఈయన్ని చూసి లేవలా, ఏడవలా. నాలుగున్నరకి పోయాడన్నా, అప్పటిదాకా తలుపు వైపే చూస్తన్నాడు అంది. ఆయన ఆమె పక్కన కూర్చున్నాడు. కూర్చోని మనసులో లెక్కేసుకున్నాడంట, ఆ పాడు లెక్క. బంకులో పది నిముషాలు ఆగి ఉంటే నాలుగుకే చేరేవాడు. పోనీ, ఎప్పట్లా యాభైలో తోలుకుంటా వచ్చినా నాలుగుంబావుకి చేరేవాడు, ఆ ఉన్న పెట్రోలే సరిపొయ్యేది. ఎట్టా చేసినా అందేవాడు, తను చేసిన తీరున తప్ప. ఈ సంగతి ఆయన ఎవరికీ చెప్పలా, నాకు చెప్పాడు, అదీ రెండేళ్ళ తర్వాత.

కారు అమ్మలా. అమ్మేయరాదా అంటే, ఎందుకులే అన్నాడు. ఇప్పుడు ట్యాంకు ఎప్పుడూ నిండుగానే ఉంచుతాడు. శుక్రవారం నమాజు కాంగానే తీస్తాడు, హైవే ఎక్కుతాడు, కాసేపు నిదానంగా, కాసేపు జోరుగా, తన ఇష్టం, ఒక గంట తోలుకోని ఇంటికొస్తాడు. పక్క సీటు ఖాళీ. మొన్నామధ్య నా ముందరే ఆపి, రాయ్యా, కథలు చెప్పుకుంటా పోయొద్దాం అన్నాడు. నేను పనుందన్నా. ఏం పని నాకు? ఇక్కడ కూర్చోని మీకు ఊళ్ళో వాళ్ళ సంగతులు చెప్పటం తప్ప నాకేం పనుంది? అయినా పనుందనేశా. ఆయన సరేలే అని అద్దం పైకెత్తుకోని పొయ్యాడు. మీరెవరన్నా ఎక్కుతారేమో చూడండి. సీటు ముందుది మెత్తగానే ఉంటదంట.