వెళ్ళొస్తామని చెప్పి వెళ్ళినవాళ్ళకి

అందరికీ నమస్కారం. కూర్చోండి, కూర్చోండి. వెనకాల గోడకి ఆనుకుని నిలబడ్డవాళ్ళు కూడా ముందుకి రండి, చోటుంది. ఇంతమంది వస్తారని నేననుకోలేదు. ఈ షాపులో ఇంతమందిని ఒక్కసారిగా చూసి చాలా కాలమైంది. పోయినవాడు కూడా చూసి ఎన్నేళ్ళయిందో. చూసుంటే ఇంకొన్నాళ్ళు ఉండేవాడేమో.

నన్ను మీరంతా ఎరుగుదురు. రోడ్డుకి అవతలి పక్క, సరిగ్గా ఈ గుమ్మానికి ఎదురుగా, ఫ్యాన్లూ మిక్సీలూ అమ్ముకునేవాణ్ణి. ఈ షాపు తెరిచిన రోజు నుంచీ ఈ షాపుకి శత్రువుని. అదిగో, ఆ ఫొటోలో నవ్వుతున్నాడే, వాడికి శత్రువుని. శత్రువు చేత సంతాప సభలో మాట్లాడించడమేమిటని మన కాలనీ సంఘం పెద్దలు సణిగారు. అప్పుడు మా చెల్లెమ్మ, అంటే పోయినవాడి భార్య, ఒకటే మాట అంది. "ఆయన్ని మొహం మీద తిట్టినవాడు అన్నయ్య ఒక్కడే. మిగతావాళ్ళంతా మొహం మీద పొగిడారు. అన్నయ్యే మాట్లాడాలి" అంది. అందుకని నిలబడ్డాను.

సభ సంఘం హాల్లో పెడదామన్నారు. కుదరదు, షాపులోనే పెట్టాలని పట్టుబట్టింది నేనే. ఎందుకో తెలుసా? ఈ గది మీకెవరికీ కొత్త కాదు. మీరిప్పుడు కూర్చున్న కుర్చీల్లోనే కూర్చుని టీవీలు చూశారు. మీ నెత్తి మీద తిరుగుతున్న ఫ్యాన్లని ఒకటి మీద తిప్పమన్నారు, మూడు మీద తిప్పమన్నారు, చప్పుడొస్తోందేమోనని మెడ పైకెత్తి విన్నారు. అన్నీ ఇక్కడే చూశారు. మరి కొన్నదెక్కడ? నన్నడక్కండి. మీ జేబుల్లో ఉన్న ఫోన్లని అడగండి.

ఇంకో కారణం కూడా ఉంది. అదీ ముందే చెప్పేస్తాను, దాచడం నాకు చేతకాదు. ముందు వరసలో కూర్చున్న మన బిల్డింగు ఓనరు గారు ఈ షాపుని పార్సిళ్ళ కంపెనీకి గోదాముగా ఇస్తామని మాటిచ్చారు. మనిషి పోయి ఇంకా ఆ కౌంటరు మీద వాడి కళ్ళజోడైనా తీయలేదు, చెల్లెమ్మని నెలాఖరుకల్లా ఖాళీ చెయ్యమన్నారు. చెల్లెమ్మేమో షాపు నేను నడుపుతానంటోంది. "నన్నందరూ ఇంట్లో కూర్చోమంటున్నారు అన్నయ్యా. కూర్చుని ఏం చెయ్యను, గోడలు చూడనా?" అని అడిగింది. ఆ సంగతి తేలకుండా ఇవాళ ఎవరూ ఇంటికెళ్ళరు.

ఇందాక సంఘం కార్యదర్శి గారు చాలా చక్కగా మాట్లాడారు. కాలం మారిందన్నారు. కాలం ఒక మంచి మనిషిని మన నుంచి తీసుకుపోయిందన్నారు. కళ్ళొత్తుకున్నారు కూడా. కాలమట! కాలానికి కాళ్ళున్నాయా అయ్యా, ఈ మెట్లెక్కి లోపలికి రావడానికి? కాలం వచ్చి టీవీ వెనకాల అంటించిన స్టిక్కరుకి ఫొటో తీసుకుందా? పక్కకెళ్ళి, స్తంభం చాటున నిలబడి, ఫోన్లో ఆ మోడల్ నంబరే కొట్టి ధర చూసుకుందా? డాక్టరు గారు గుండె ఆగిపోయిందన్నారు. ఆయన చదువు ఆయనది, కాదనను. ఎందుకాగిందో మాత్రం ఎదురు గుమ్మంలో కూర్చుని రోజూ చూసిన నన్నడగండి.

వాణ్ణి మీరంతా టెస్టింగ్ బాబాయ్ అనేవాళ్ళు. చిన్న బల్బు కొన్నా సరే, కౌంటరు మీదున్న హోల్డరులో పెట్టి వెలిగించందే కాగితంలో చుట్టేవాడు కాదు. టార్చిలైటుకి బ్యాటరీలడిగితే, వేసి, నొక్కి, అరచేతి మీద వెలుగు పడ్డాకే ఇచ్చేవాడు. తొందరగా వెళ్ళాలి బాబాయ్ అంటే వినేవాడా? "ఇంటికెళ్ళాక వెలక్కపోతే నన్నే కదా తిట్టుకుంటావు. ఆ తిట్టేదేదో ఇక్కడే, నా ఎదురుగా తిట్టు" అనేవాడు. జిడ్డు మనిషి. పరమ జిడ్డు. ఆ జిడ్డుని చూసి నాకు ఒళ్ళు మండిపోయేది. ఎందుకంటే మనుషులు వాడి దగ్గర కొన్నది మళ్ళీ వెనక్కి తెచ్చేవాళ్ళు కాదు.

మా శత్రుత్వం సంగతి కూడా వినండి. మ్యాచ్ ఉన్న రోజున వాడి టీవీలన్నీ నా షాపు వైపుకి తిప్పేవాడు. నా దగ్గర మిక్సీ చూస్తున్న మనిషికి మెడ అటు తిరిగిపోయేది. నేనూరుకుంటానా? గోదాములోంచి పెద్ద ఫ్యాను తెచ్చి వాడి గుమ్మం వైపు పెట్టి వదిలాను. వాడి కౌంటరు మీద బిల్లులన్నీ రోడ్డెక్కాయి. వాడు నా బోర్డు కన్నా పెద్ద బోర్డు కట్టాడు. నేను దానికన్నా పెద్దది కట్టాను. వాడి బోర్డు ఎదిగీ ఎదిగీ, పై అంతస్తులో ఓనరు గారి కిటికీకి అడ్డం పడింది. ఆయన దిగొచ్చి తిడితే, "అదిగో, వాడే చేయించాడు" అని నా మీదకి చెయ్యి చూపించాడు. పచ్చి దుర్మార్గుడు.

ఆ దుర్మార్గుడే, ఒకనాడు నా షాపులో షార్ట్ సర్క్యూటయి లోపల్నుంచి పొగ కమ్ముకొస్తుంటే రోడ్డుకి అడ్డంపడి పరిగెత్తుకొచ్చాడు. నేను బకెట్టుతో నీళ్ళు పట్టుకుని నిలబడ్డాను. నా చేతిలోంచి బకెట్టు లాగి విసిరేశాడు. మెయిన్ స్విచ్చి దించాడు. నా కాలరు పట్టుకుని బయటికీడ్చాడు. అక్కడితో అయిపోలేదు. వైరింగంతా మళ్ళీ వేయించేదాకా నా షాపు మూతపడింది. నేను గుమ్మంలో స్టూలేసుకుని కూర్చుని చూస్తున్నాను. నా దగ్గరికి రావాల్సినవాళ్ళు వాడి షాపులోకి వెళ్తున్నారు. వట్టి చేతుల్తో తిరిగొస్తున్నారు. ఏమిటా అని ఒకావిణ్ణి ఆపి అడిగితే, "మిక్సీలు వాళ్ళ దగ్గరే కొనుక్కోండి, నాలుగు రోజులాగితే తెరుస్తారు" అన్నాడట!

నీకేం పోయేకాలంరా అని వెళ్ళి అడిగాను. వాడు తలెత్తకుండా బల్బు తుడుచుకుంటూ అన్నాడు. "నిన్ను మూయించాల్సింది నేను. షార్ట్ సర్క్యూట్ కాదు."

విన్నారా? అదీ శత్రుత్వమంటే. పగటిపూట, ఎదురుగా నిలబడి, కళ్ళల్లో కళ్ళు పెట్టి చేసేది. మరి మీరు చేసినదాన్ని ఏమంటారు? బాబాయ్ బాబాయ్ అంటూ లోపలికొచ్చి, వాడి కుర్చీలో కూర్చుని, వాడి మంచినీళ్ళు తాగి, వాడి నోటితోనే మంచిచెడ్డలన్నీ చెప్పించుకుని, వాడి కరెంటుతో వాడి సరుకు తిప్పించి చూసుకుని, వెళ్ళి ఇంకొకడికి ఆర్డరిచ్చారు. వాణ్ణి మూయించాల్సింది నేను. అది నా హక్కు. నా జీవితమంతా దానికోసం కష్టపడ్డాను. మీరు నా చేతిలోంచి లాగేసుకున్నారు. దీన్ని నేను క్షమించను. ఇవాళా క్షమించను, ఎప్పటికీ క్షమించను.

చవగ్గా దొరికితే కొనుక్కోవద్దా అంటారు. కొనుక్కోండి. మీ డబ్బు, మీ ఇష్టం. కానీ చూడ్డం కూడా అక్కడే చూడండి. ఫోన్లో బొమ్మకి చెవి పెట్టి ఫ్యాను చప్పుడు వినండి. వాడి గొంతెందుకు ఎండగట్టారు?

ఇప్పుడు అసలు పాపం చెప్తాను. మనవాళ్ళెవరూ ఎక్కణ్ణుంచయినా లేచేటప్పుడు వెళ్తామని అనరు. అనకూడదు. వెళ్ళొస్తాం అంటారు. మీకూ నాకూ దానర్థం తెలుసు. వెళ్తున్నాం అని అర్థం, అంతే. ఈ పిచ్చివాడికి మాత్రం తెలీదు. చూసి, బేరమాడి, వెళ్ళొస్తాం బాబాయ్ అని మీరు మెట్లు దిగగానే, మీరు చూసిన సెట్టుని వెనక గదిలోకి మోసుకెళ్ళి, దుమ్ము పడకుండా దుప్పటి కప్పి పెట్టేవాడు. ఎందుకురా? "వస్తామన్నారు కదా."

ఒక పెద్దమనిషి ఇంటిల్లిపాదినీ వెంటబెట్టుకుని టీవీకొచ్చాడు. పేరు చెప్పను. పొద్దున వచ్చినవాళ్ళు భోజనాల వేళ దాకా కదల్లేదు. వాళ్ళావిడకి రంగులు నచ్చలేదంటే మార్చాడు, వాళ్ళ నాన్నగారికి వినపడలేదంటే పెంచాడు. అన్నీ అయ్యాక వెళ్ళొస్తామన్నారు. సెట్టు దుప్పట్లోకి వెళ్ళింది. సాయంత్రానికల్లా ఇంకొకాయన వచ్చి, అదే సెట్టు కావాలి, ఆటో కూడా తెచ్చుకున్నానన్నాడు. వీడిచ్చాడా? ఇవ్వలేదు! "అది వేరేవాళ్ళదండీ" అన్నాడు. నేను రోడ్డు దాటొచ్చి నెత్తీ నోరూ బాదుకున్నాను. ఒరేయ్, వెళ్ళొస్తాం అంటే వెళ్ళిపోతాం అని రా! వాడు నావంక జాలిగా చూశాడు. "వెళ్ళిపోయేవాళ్ళయితే అంతసేపు కూర్చుంటారా?" అన్నాడు.

వెనక గది తలుపు ఇవాళ నేనే తీసిపెట్టాను. వెళ్ళేటప్పుడు చూసుకోండి. దుప్పట్ల కింద టీవీలున్నాయి, బట్టలుతికే మిషన్లున్నాయి, ఇప్పుడెవరూ ముట్టుకోని పాత మోడళ్ళున్నాయి. అవన్నీ మీవే. మీరంతా వస్తామన్నారు. వచ్చారు. ఇవాళొచ్చారు.

ఆ పెద్దమనిషి కథ అయిపోలేదు. వారం తిరిగేసరికి వాళ్ళింటికి పెట్టె దిగింది. ఎక్కణ్ణుంచో చెప్పక్కర్లేదు. దించినవాడు గుమ్మంలో పడేసి పోయాడు. బిగించేవాళ్ళకి ఫోన్ చేస్తే ఒకటి నొక్కండి, రెండు నొక్కండి. నొక్కీ నొక్కీ విసుగొచ్చి, సిగ్గు లేకుండా ఎవరికి చేశారు? వీడికి. "బాబాయ్, ఒక్కసారొచ్చి గోడకి తగిలించి పెట్టవా?"

వెళ్ళకురా అన్నాను. చొక్కా పట్టుకుని ఆపాను. నా చెయ్యి విదిలించుకుని, సొంత డ్రిల్లు మిషను, సొంత స్క్రూలు సంచిలో వేసుకుని వెళ్ళాడు. వెళ్ళి చూస్తే ఆ ప్లగ్గుకి ఎర్తు వైరే లేదు. అదీ సరిచేశాడు. తిరిగొచ్చాక నేను మొహం తిప్పుకుని కూర్చుంటే, "పెట్టె ఎవడు పంపితేనేంరా, లోపలుండేది కరెంటు. పిల్లలు తిరిగే ఇల్లు" అన్నాడు.

ఆ రాత్రికి మన కాలనీ ఫోన్ గ్రూపులో ఆ టీవీ ఫొటో వచ్చింది. కంపెనీకి ఐదు నక్షత్రాలు! కింద ఏం రాశారో తెలుసా? "సర్వీసు అద్భుతం." ఎవరి సర్వీసయ్యా? గోడకి కన్నం పెట్టిందెవరు? నేల మీద రాలిన సిమెంటు పొడి ఎత్తిందెవరు? ఐదింట్లో ఒక్క నక్షత్రం వాడికివ్వడానికి చేతులు రాలేదా? ఆ ఫొటోని వాడు ఆ కౌంటరు దగ్గరే కూర్చుని చూశాడు. వెనక గదిలోకి వెళ్ళి ఆ సెట్టు మీది దుప్పటి సర్దొచ్చాడు.

కార్యదర్శి గారూ, చెమటలు పడుతున్నట్టున్నాయి. ఫ్యాను మూడు మీద తిప్పమంటారా?

ఉండండి, కదలకండి. నేనింకా పేరు చెప్పలేదు.

అన్నయ్యా, పగలూ పంతాలూ వద్దు, ఆయనకి నచ్చదు అని చెల్లెమ్మ పొద్దుట్నుంచీ నా చుట్టూ తిరుగుతోంది. నిజమే, వాడికి నచ్చదు. వాడికి నచ్చనివి చెయ్యడానికే కదా నేను రోడ్డుకి అవతల షాపు పెట్టుకుంది! అందుకని వినండి. అదిగో గుమ్మం దగ్గర నిలబడ్డారు, ఎలక్ట్రీషియన్లు, డిష్షులు బిగించేవాళ్ళు, ఏసీ మెకానిక్కులు. అందరికీ స్క్రూడ్రైవరు పట్టుకోవడం నేర్పింది వాడే. నిన్న అందర్నీ కూర్చోబెట్టి మాట్లాడాను. ఇక మీదట పార్సిల్లో వచ్చినదాన్ని బిగించాలంటే పార్సిలు పంపినవాణ్ణే పిలుచుకోండి. వీళ్ళెవరూ రారు. ఎర్తు లేదంటే మాత్రం వస్తారు, అది వాడి మాట కాబట్టి. మిగతా దేనికీ రారు. నక్షత్రాల్ని పిలుచుకోండి, వచ్చి గోడకి తగిలించి పోతాయి.

ఇక షాపు సంగతి. ఓనరు గారూ, మీ ఇల్లు, మీ హక్కు. కానీ వాణ్ణి మింగిన పెట్టెల్నే తెచ్చి వాడి గదిలో పేరుస్తామంటే నేను చూస్తూ ఊరుకోను. వాడిచ్చిన అద్దె చెల్లెమ్మా ఇస్తుంది. నా షాపు నా తమ్ముడికప్పగించాను. చెల్లెమ్మ మెత్తని మనిషి, ఎవరొచ్చినా నోరారా చెప్తుంది. అందుకని ఆ గుమ్మం పక్కన స్టూలేసుకుని నేను కూర్చుంటాను. వచ్చేవాళ్ళు నా మొహం చూసే లోపలికి రావాలి, నా మొహం చూసే బయటికి పోవాలి.

ఇప్పుడు మనమందరం లేచి నిలబడి వాడికోసం రెండు నిమిషాలు మౌనం పాటిద్దాం. ఆగండి, లేవకండి. ముందు మాట పూర్తి చెయ్యనివ్వండి. షాపు చెల్లెమ్మదేనని నేనంటున్నాను. కాదనేవాళ్ళు ఆ రెండు నిమిషాల్లో నోరు విప్పి కాదని చెప్పండి. ఇంతమంది ఎదురుగా, వాడి ఫొటో ఎదురుగా, అందరూ నోళ్ళు మూసుకుని నిలబడ్డప్పుడు, మీరొక్కరే గొంతెత్తి చెప్పండి. ఎవరూ నోరు విప్పకపోతే ఓనరు గారు ఒప్పుకున్నట్టే, ఇంతమందీ సాక్షులే.

అందరూ కళ్ళు మూసుకోండి. నేను మాత్రం మూసుకోను. నేను ఓనరు గారినే చూస్తుంటాను.

లేవండి.