ఎర్ర అట్ట మాన్యువల్

ఆటోనగర్ షెడ్డులో మెకానిక్ కారు కింద పడుకుని పని చేస్తున్నాడు. కూతురు ట్యాబ్ పట్టుకుని పక్కన నిలబడింది.

"నాన్నా, అన్ని కార్ల మాన్యువల్సూ ఇందులో ఎక్కించాను. కానీ ఆ పుస్తకాలు పారేయకు. అమ్మ అట్టలేసి దాచినవి."

"పాత పేపర్లవాడికి ఇచ్చెయ్యమ్మా. మీ అమ్మ పోయాక వాటినెవరు చదువుతారు?"

"అదేంటి, నువ్వు చదవవా?"

"నాకు చదువు రాదమ్మా. ఆ స్టూలు మీద కూర్చుని తను ఇంగ్లీషులో చదువుకుని నాకు తెలుగులో చెప్పేది. నీకు తెలియనివ్వొద్దని నేనే అన్నాను."

"నీకు తోడుగా కూర్చునేదనుకున్నాను ఇన్నాళ్లూ. పోనీ, ఇది కూడా పైకి చదువుతుంది నాన్నా, తెలుగులోనే."

"విన్నాలే, పక్క షెడ్డులో పెట్టారు. గడగడా చదువుకుంటూ పోతోంది."

"ఆపితే ఆగుతుంది."

"చేతులనిండా గ్రీజు, ఎట్లా ఆపను? మీ అమ్మయితే ఒక బోల్టు సంగతి చెప్పి, నేను ఊ అనేదాకా ఆగేది."

నేల మీద ఏదో ఈడ్చిన చప్పుడైంది.

"ఏం చేస్తున్నావమ్మా?"

"స్టూలు లాక్కుంటున్నాను. ఏ పుస్తకం?"

"ఎర్ర అట్టది."

"ముందు నాలుగు బోల్టులూ కొంచెం కొంచెం వదులు చెయ్యాలట... నాన్నా?"

కారు కింద స్పానరు చప్పుడు ఆగిపోయింది.

"ఊ అను నాన్నా."