కిటికీ పక్క బల్ల

కరోనాకు కాలేజీ మూతపడింది. ఇందిరా నగర్‌లో మేడ మీద, నీళ్ళట్యాంకు నీడన, ఇంటికున్న ఒక్క ఫోనూ పట్టుకుని కూతురు కూర్చుంది. తండ్రి మెట్లెక్కి వచ్చాడు.

“క్లాసు ఇంకా అవలేదా అమ్మా? తట్టాంచావడి వర్క్‌షాపు తెరిస్తే ఫోన్ చేస్తామన్నారు.”

“అయిపోయింది నాయనా.”

“మరి ఏంది చూస్తా ఉండావు? కింద ఇంట్లో నీకు నెట్టు లేదు, నాకు వర్కు లేదు. మొత్తానికి ఇంటికే నెట్‌వర్కు లేదు!”

“సారు కెమెరా ఆపడం మరిచిపోయినాడు. మా ల్యాబు కనిపిస్తా ఉంది.”

“ఎవురూ లేరే!”

“కిటికీ పక్క బల్ల చూడు. అది నాది. ఆడ కూర్చుని ఎన్నాళ్ళయిందో.”

ఫోన్ మోగింది, బల్ల మాయమైంది. వర్క్‌షాపు పేరు చూసి కూడా తండ్రి కాల్ కట్ చేశాడు. బల్ల మళ్ళీ వచ్చింది.

“ఎవురు నాయనా?”

“నేను మళ్ళా చేస్తాలే. నీ బల్ల మీద ఆ గాజుబుడ్డి దేనికో చెప్పు.”