గురువారం కూరలో చేదు

జనవరి ఆదివారం. ఫ్లాండర్స్‌లో కూరగాయలు పండించే ఒక రైతు ఇంటి వంటగది. అత్త లియోంటిన్, కోడలు హిల్డె. మధ్యన బల్ల మీద గంపెడు బ్రస్సెల్స్ స్ప్రౌట్స్, వేలెడంత బుల్లి క్యాబేజీలు. చర్చిలో పూజ ముగించుకుని ఫాదర్ భోజనానికి రావడానికి ఇంకా అరగంట ఉంది.

"ఆ గాట్లు పెట్టకండి అత్తయ్యా అంటే వినరేం!"

"గాటు కాదే, శిలువ. మా అమ్మ పెట్టింది, వాళ్ళమ్మా పెట్టింది. అడుగున శిలువ పెడితే లోపలికి దయ్యం దూరదు."

"దయ్యం సంగతేమో గానీ నీళ్ళు దూరుతున్నాయి. ఉడికి ఉడికి లోపలంతా చిత్తడైపోయి, ఇల్లంతా అదే కంపు. తొమ్మిదేళ్ళుగా ఈ కూర మందు మింగినట్టు మింగుతున్నాం."

"శిలువ వల్ల కంపొస్తుందంటావా? అదీ ఆదివారం పూట!"

"శిలువ వల్ల కాదు తల్లీ, గాటు వల్ల. ఇలా ఇవ్వండి. నిలువునా రెండు చెక్కలు చేసి, తడి తుడిచి, పెనం మీద వెన్నలో బోర్లించాలి. ఇక కదపకూడదు."

"మాడిపోతాయే!"

"మాడవు, ఎర్రబడతాయి. రుచంతా ఆ ఎరుపులోనే ఉంది. మొన్న మంచు పట్టాక కోసినవి కదా, వాటికవే తియ్యగా ఉంటాయి. అదిగో, కదపకండీ! గరిటె కింద పెట్టండి."

"చెయ్యి ఊరుకోదు."

"అయితే జాజికాయ గీకండి. దించే ముందు కాస్త ఆవముద్ద, రెండు చుక్కలు వెనిగర్, వేయించిన చెస్ట్‌నట్ పలుకులు. అంతే."

"ఇంత విద్య చేతిలో పెట్టుకుని ఇన్నాళ్ళూ దాచావా?"

"మీరు పొయ్యి దగ్గరికి రానిచ్చారా?"

"ఇవాళ ఇచ్చాగా. ఎందుకిచ్చానో తెలుసుగా? పంది ముక్కలు లేకుండానే కూర రుచిగా వస్తే, ఇక నువ్వు ఫాదర్‌ని అడగక్కర్లేదు."

"వండుతాను, అడుగుతాను కూడా. 'ఫాదర్, ట్రాక్టర్ బోల్తా పడ్డప్పుడు మా ఆయన బతకాలని అత్తయ్య మొక్కుకుని ఈ ఇంట్లో మాంసం మానిపించారు. యోస్ట్ బతికాడు. తొమ్మిదేళ్ళైంది. ఇక ఈ మొక్కు విప్పెయ్యండి' అంటాను. ఆయనకి ఆ అధికారం ఉందట. కనుక్కున్నాను."

"కనుక్కున్నావా! నాకు తెలీకుండా!"

"తెలిస్తే భోజనానికి పిలవనిచ్చేవారా?"

"అంతగా మనసు లాగుతుంటే గెంట్‌లో మీ అక్క ఇంటికెళ్ళినప్పుడు తిను. నేనొచ్చి చూస్తానా?"

"తిండి గురించి కాదత్తయ్యా. ఈ ఇంట్లో ఏదీ అయిపోదు. యోస్ట్ కాలు నొప్పి అయిపోదు, అతని కోపం అయిపోదు, మీ మొక్కు అయిపోదు. ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి, 'ఇది అయిపోయింది' అనుకోవాలనుంది నాకు."

"మెల్లగా. వాడు ముందుగదిలో ఉన్నాడు."

"కర్ర చప్పుడు వినపళ్ళేదు. పడుకునే ఉన్నాడు."

"దేవుడికిచ్చిన మాట హిల్డె. వెనక్కి తీసుకుంటే ఎలా?"

"తీసుకుంటే ఏమవుతుంది? ఆ రెండో కాలు కూడా విరిచేస్తాడా దేవుడు?"

"అనకు! ఆ మాట మాత్రం అనకు."

"అయ్యో, కళ్ళనీళ్ళెందుకు? ఊరికే అన్నాను. ఇదిగో, ఒకటి రుచి చూడండి. వేడి, ఊదుకోండి."

"ఊఁ."

"ఎలా ఉంది?"

"బాగుంది. ఒట్టు, బాగుంది. చేదే లేదు. యోస్ట్ కూడా తింటాడు. చిన్నప్పట్నుంచీ పంది ముక్కలు కలపకపోతే వాడు వీటిని ముట్టేవాడు కాదు."

"నాకు తెలీదా? ఆ గురువారం 'ఇది కూరా, పశువుల మేతా' అని కంచం తోసేసి లేచిపోలేదూ?"

"ఏ గురువారం?"

"ట్రాక్టర్ బోల్తా పడ్డానికి ముందురోజు. మీరు ఒట్టి నీళ్ళలో ఉడకేసి పెట్టారు, చేదు విషం..."

"ఆవముద్ద వెయ్యనా?"

"ఉండండి. గురువారం."

"వెన్న మాడుతోందే."

"మాడనివ్వండి. ట్రాక్టర్ పడింది శుక్రవారం. గురువారం నాడే కూరలో మాంసం లేదు. ఎందుకు లేదు?"

"మాంసం కొట్టు మూసుంటుంది."

"కొట్టుతో పనేంటి? పొయ్యి పైన కొక్కేనికి పొగ పట్టిన పెద్ద పంది మాంసం ముక్క వేలాడుతుండేది. ఆ పొద్దున మీరే దాన్ని గుడ్డలో చుట్టి పక్కింటివాళ్ళకి ఇచ్చేశారు. నేను చూశాను. అడగలేదంతే. అప్పటికే నాకు, ఈ ఇంట్లో ఎవరేం చేస్తే నాకేంటి అని..."

"అని?"

"ఏం లేదు."

"మెట్ల కింద నీలం సూట్‌కేసు."

"మీరు... మీరు చూశారా?"

"ఆ ముందురోజు బుధవారం చీపురు కోసం వంగితే కనపడింది. నీ చలికోటు, బూట్లు, మీ అమ్మ జపమాల. పెళ్ళి ఫొటో మాత్రం పెట్టుకోలేదు."

"శనివారం రైలుకి వెళ్ళిపోదామనుకున్నాను. యోస్ట్‌తో ఇక నావల్ల కాదనుకున్నాను. ఈలోగా ఆ శుక్రవారం... కాలు విరిగి మంచంలో ఉన్నవాణ్ణి వదిలేసి ఎలా పోతానత్తయ్యా? రాత్రికి రాత్రి సూట్‌కేసు విప్పేశాను."

"తెలుసు."

"తెలిసీ తొమ్మిదేళ్ళు ఒక్క మాట అనలేదా?"

"ఏమని అననే?"

"అయితే మీరు మొక్కింది అతను బతకాలని కాదు."

"బుధవారం వాడు గుండ్రాయిలా ఉన్నాడు. బతకాలని ఎందుకు మొక్కుతాను?"

"మరి దేనికి మొక్కారు? ఏమని మొక్కారు?"

"తలుపు గంట మోగింది. ఫాదర్ వచ్చారు."

"మోగనివ్వండి. నేనాయన్ని ఏం విప్పమని అడగబోతున్నానో నాకు తెలియాలి. అత్తయ్యా, ఏమని మొక్కారు?"

"నువ్వీ ఇంట్లోంచి వెళ్ళకూడదని మొక్కాను హిల్డె. ఎలా ఆపాలో దేవుడికి చెప్పలేదు."