అత్త చిక్కితే కోడలికి నింద

సభకు అధ్యక్షత వహిస్తున్న మా డాక్టరు క్రాంతి కుమార్ గారికి, మార్కాపురం నుంచి ఎండన పడి వచ్చిన పెద్దలకు, ప్రార్థనతో సభ మొదలుపెట్టిన పాస్టరయ్యగారికి, రాచర్ల ఆసుపత్రిలో నాతో పనిచేసిన అక్కచెల్లెళ్లకు, ముందు వరసలో కూర్చోని అప్పుడే మైసూర్‌పాక్ డబ్బా విప్పిన వెంకటసుబ్బయ్యన్నకు, అందరికీ మీ ఎలీషబా సిస్టరు నమస్కారాలు. (నవ్వులు) నవ్వొద్దండీ. పెద్దవయసు ఆడోళ్ల బరువు తగ్గించే కార్యక్రమం నడిపిన మనిషికి వీడ్కోలు సభ పెట్టి, మనిషికొక డబ్బా మైసూర్‌పాక్ పంచినారంటే, ఇన్నేండ్లూ నేను గోడకు చెప్పినానేమో అని అనుమానంగా ఉంది.

డాక్టరుగారు ఇందాక నన్ను చాలా పొగిడినారు. సంతోషం. అయితే ఆ కార్యక్రమం ఎట్ల నడిచిందో ఆయన మర్యాదకు చెప్పలేదు, నేను చెప్తా. నెలసరి ఆగిపోయినాక ఒంట్లో కొవ్వు పెరిగితే రొమ్ము క్యాన్సర్ ముప్పు పెరుగుతుంది, కాబట్టి ఆడోళ్లకు బరువు తగ్గించండి అని పైనుంచి చెప్పినారు. మాట నిజమే. దాంతోపాటు పంపిన కాయితంలో మాత్రం ఓట్స్ తినండి, బూట్లు వేసుకోని పొద్దున్నే పార్కులో నడవండి అని ఉంది. రాచర్ల మండలంలో పార్కు ఎక్కడుందో మీలో ఎవరికన్నా తెలిస్తే చెప్పండి, రేపటి నుంచి పోయి కూర్చుంటా. (నవ్వులు) పోనీ రోడ్డు మీదన్నా నడవండమ్మా అంటే, పనీపాటా లేకుండా ఊరికే తిరిగితే జనం ఏమనుకుంటారక్కా అన్నారు. బతుకంతా చేలల్లో, గొర్రెల వెనక నడిచినోళ్లు, ఊరికే నడవాలంటే సిగ్గు. ఆఖరికి చంకన ఖాళీ తట్ట పెట్టుకోని నడిచినారు, ఎవరన్నా అడిగితే పేడకు పోతున్నామని చెప్పడానికి. అట్లనే కానీండి అన్నా. బరువు తగ్గినారు. తగ్గిన సంతోషంలో అందరూ కలిసి పొట్టేలును కోసి విందు చేసుకున్నారు. తిట్టినాను. "తగ్గినాము గదక్కా, ఇంక తినొచ్చు" అన్నారు. వీళ్లతో నేనేం మాట్లాడేది?

అవన్నీ ఓర్చుకున్నా. ఓర్చుకోలేనిది ఒకటుంది. అదిగో, ఆ వెనక వరసలో కూర్చున్న రంగనాయకమ్మ వదిన మీకందరికీ తెలుసు. వాళ్లక్క రొమ్ము క్యాన్సర్‌తోనే పోయింది. గొర్రెలు అమ్మేసినాక కొడుకు దుకాణంలో కూర్చోని కూర్చోని ఈమె లావైంది. ఒకరోజు నా దగ్గరికొచ్చి, "నాకూ వస్తుందేమో వదినా, భయమైతాంది" అన్నది. రాదని నేను మాటియ్యలేను, బరువు తగ్గితే ముప్పు తగ్గుతుంది, గడ్డ ఏదన్నా చేతికి తగిలితే దాచకుండా రా అని చెప్పినాను. అప్పట్నుంచి సంకటి ముద్ద చిన్నదైంది, టీలో చక్కెర పోయింది. కోడలు ఉమ దగ్గరుండి చూసుకునింది. ఆయాసం తగ్గి, ముఖం తేటపడి, మనిషి బాగుపడింది. అప్పుడు మీరేం చేసినారు?

పాలకేంద్రం దగ్గర, పదిమందిలో, "ఏమ్మా ఉమా, మీ అత్త అట్ల చిక్కిపోయింది, కూడు పెడుతున్నావా లేదా?" అన్నారు. ఎవరన్నారో నేను చెప్పను. అన్నా, ఆ డబ్బా మూత పెట్టు. (నవ్వులు) మన దిక్కు పెద్దామె చిక్కిందంటే కోడలిదే తప్పు. ఆ పిల్ల ఇంటికిపోయి ఏడ్చి, మరుసటి రోజు నుంచి అత్త కంచంలో నెయ్యి, అప్పడాలు కొసరి కొసరి వడ్డించింది. కోడలి పరువు పోకూడదని అత్త కాదనకుండా తినింది. పోయిన బరువంతా తిరిగొచ్చింది. "ఇప్పుడు కళొచ్చింది" అని ఊరు మెచ్చుకునింది. నాకు ఒళ్లు మండిపోయింది, ఇప్పటికీ మండుతానే ఉంది.

అందుకే పైనుంచి వచ్చిన పద్ధతి పక్కన పెట్టినాను. అత్త వెంట కోడలు కూడా రావాల, వీధిలో అందరూ చూస్తుండగా బరువు చూడాల, ఈమె ఎందుకు తగ్గుతోందో ఆ వీధికే చెప్పాల అన్నా. చిరాకు పడినారు, అయినా వచ్చినారు. రంగనాయకమ్మ వదిన మళ్లీ మొదలుపెట్టింది, మళ్లీ తగ్గుతోంది. మీరు మళ్లీ అడుగుతారు. ఇన్నాళ్లూ మీ నోళ్లకు నేను జవాబు చెప్పినా. రేపట్నుంచి నేనుండను, నా జాగాలోకి ఎవరినీ ఇంకా వేయలేదు. నాకు భయంగా ఉంది. శాలువా కప్పే ముందు నాకొక మాట తెలియాల. ఉమా, రేపు మళ్లీ ఎవరన్నా అడిగితే ఏం చెప్తావమ్మా?

(సభలో గుసగుసలు. ఉమ లేచి నిలబడి, "కొలిచి పెడుతున్నానని చెప్తా. మా అత్త నాకింకా చానాకాలం కావాల, అందుకే తక్కువ పెడుతున్నా. అడిగేవాళ్లు నన్నే అడగండి" అన్నారు.)

విన్నారు గదా. వెంకటసుబ్బయ్యన్నా, నువ్వూ విన్నావు గదా. ఇంక నేను చెప్పేదేం లేదు. నా కోపాన్ని ఇంతకాలం భరించిన మీ అందరికీ కృతజ్ఞతలు. ఇంక సెలవిప్పించండి, నేను ఇంటికి పోతా.