పాల కోసం కదిలిన ఇల్లు

అరిజోనా ఎడారి శిబిరంలో పాలు నిండుకున్నాయి. కొట్టుకు వెళ్లాలంటే ఆ భార్యాభర్తలుంటున్న మోటార్‌హోమే, అంటే ఇల్లులాంటి ఆ బండే, కదలాలి. ఆమె నీళ్లగొట్టం విప్పుతూ విసుక్కుంది.

"పాలడబ్బా కోసం ఇల్లంతా ఊరేగించేది మనమే! పక్కావిడ చిన్నకారు అమ్ముతోంది. కొని మన బండి వెనకాల తగిలించుకుందామా? ఇవాళే చెప్పమంది."

"నీ ఇష్టం," అన్నాడు భర్త. "మొన్న కొట్టు ముందు బండి ఆపి, లోపల మంచమెక్కి, కిటికీలోంచి కొండలు చూస్తూ కాఫీ తాగాం. కారుంటే?"

"పాలు కొనుక్కుని గబగబా వచ్చేసేవాళ్లం."

"వచ్చి?"

ఆమె గొట్టం చుట్టి బండిలో పడేసింది.

"బయటి కుర్చీలు లోపల పెట్టకు. మన చోటు ఖాళీ అనుకుని ఎవరైనా బండి పెట్టేస్తారు."

"మరి కొట్టు దగ్గర మనం కూర్చోడానికి?"

"మంచముందిగా! బండి తియ్యి. పోతూ పోతూ కారొద్దని ఆవిడకి చెప్పేద్దాం."